ముల్లు హెచ్ మీదికి పోయిందని గేజ్ మార్చకు, ముందు దాన్ని మరిగే నీళ్ళతో పరీక్షించు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాయన నడిపిన 1974 అంబాసిడర్ మార్క్ 2, పెట్రోలు బండి. కడప నుంచి రాయచోటికి పోతుంటే గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు వేడి గుర్తు హెచ్‌కి ఆనుకుంటోంది, కానీ రేడియేటర్ పొంగట్లేదు, ఆవిరీ లేదు. ఒక మెకానిక్ గేజ్ పోయింది మార్చెయ్ అన్నాడు, ఇంకొకాయన రేడియేటరే మార్చాలన్నాడు, ఎవరి మాట వినాలి అని అడిగావు. ఇప్పటికి ఇద్దరి మాటా వినొద్దు. ఇద్దరూ ఏమీ కొలవకుండానే చెప్పారు.

నాది అనంతపురం. ఇప్పుడు నా దగ్గర ఉన్నది 1969 అంబాసిడర్, అంతకుముందు ఒక పాత పెట్రోల్ జీపు ఉండేది. ఆ జీపుకి ముల్లు అప్పుడప్పుడు పైకి పోయేది, ఒక మెకానిక్ చూసి "ఆ మీటరు అబద్ధం చెప్తాదిలే సార్, దాన్ని చూడనే వద్దు" అన్నాడు, నేనూ చూడడం మానేశాను. మే నెల మధ్యాహ్నం కర్నూలు నుంచి తిరిగొస్తూ డోన్ దాటాక బండి బరువుగా లాగడం మొదలైంది, ఆగి బానెట్ ఎత్తేసరికి అయిపోయింది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్‌కి, దాని పై మూత హెడ్‌కి మధ్య ఉండే పొర) కాలింది, హెడ్ వంగింది, లారీకి తాడు కట్టుకుని గుత్తి దాకా వచ్చాను. ఆ ఖర్చుతో పది గేజ్‌లు వచ్చేవి. అప్పటినుంచి అబద్ధమని నా చేత్తో తేల్చేదాకా ముల్లు నిజమే చెప్తోందని అనుకుంటాను. దీనికి ఎదురు కథ కూడా ఉంది, మా స్నేహితుడొకాయన ముల్లు చూసి భయపడి రేడియేటర్ మార్చాడు, వాటర్ పంప్ మార్చాడు, చివరికి తేలిందేమిటంటే డాష్‌బోర్డు వెనకాల ఒక చిన్న స్క్రూ వదులు. ఆ స్క్రూ సంగతి కిందికి వస్తుంది.

ముందు నీ బండిలో ఉన్నది ఏ రకం గేజో తెలుసుకో. యాభై ఏళ్ళ బండి, మధ్యలో ఎవరెవరు ఏం మార్చారో మనకు తెలియదు, కాబట్టి కంపెనీ బిగించిందే ఇంకా ఉందని అనుకోవద్దు. ఇంజన్ బాగా వేడిమీద ఉన్నప్పుడు తాళంచెవి తీసేసి ముల్లును గమనించు. తాళం తీసినా కదలకుండా వేడి చూపిస్తూ ఉండి, ఇంజన్ చల్లబడేకొద్దీ మెల్లగా దిగితే అది వైరు గేజ్ కాదు, సన్నని రాగి గొట్టం ఉన్న గేజ్. ఇంజన్ దగ్గరున్న బుడ్డిలో ఈథర్ లాంటి ద్రవం ఉంటుంది, వేడికి దాని పీడనం పెరిగి ఆ గొట్టం గుండా ముల్లును తోస్తుంది, కరెంటుతో పని లేదు. తాళం తీయగానే కొన్ని సెకండ్ల పాటు నిదానంగా సీ (చల్లన) వైపు జారితే లోపల రెండు లోహాల పట్టీ, దానికి చుట్టిన హీటర్ తీగ ఉన్న రకం. చటుక్కున పడితే అయస్కాంతం కాయిల్ రకం. ఇది తెలియకుండా మిగతా పరీక్షలు చేస్తే ఒకదానికి చెయ్యాల్సింది ఇంకొకదానికి చేస్తావు.

రాగి గొట్టం రకం అయితే ఒక జాగ్రత్త. ఇంజన్ నుంచి బుడ్డి తీసేటప్పుడు నట్టుతో పాటు గొట్టం కూడా తిరిగిందంటే తెగిపోతుంది, లోపలి ద్రవం పోయాక గేజ్ చెత్తబుట్టకే. నట్టు పట్టుకుపోయి ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి పెట్టుకో. గొట్టాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని స్పానర్‌తో కొంచెం కొంచెంగా తిప్పు. మిగతాది కింద చెప్పబోయే గిన్నె పరీక్షే.

వైరు గేజ్ అయితే పైసా ఖర్చు లేని రెండు పరీక్షలు ఉన్నాయి, అవి ఈరోజే చెయ్. ఇంజన్ నడుస్తూ ముల్లు ఒకచోట నిలబడి ఉన్నప్పుడు హెడ్‌లైట్లు వెయ్యి, వైపర్ వెయ్యి, అర నిమిషం చూడు. ముల్లు కదిలిందంటే తేడా కరెంటులో ఉంది, హెడ్‌లైట్లు వేసినంత మాత్రాన నీళ్ళు వేడెక్కవు కదా. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజన్‌కి పోయే ఎర్త్ పట్టీలు విప్పి, గీకి, బిగించు. నేను చూసిన పాత బండ్లలో సగానికి ఇంజన్ ఎర్త్ పట్టీ చివర్లో పచ్చగా చిలుము పట్టి ఉంటుంది.

రెండోది పెట్రోల్ గేజ్. రెండు లోహాల పట్టీ రకంలో టెంపరేచర్ గేజ్‌కి, పెట్రోల్ గేజ్‌కి కరెంటు ఒకే చోటి నుంచి వస్తుంది, డాష్‌బోర్డు వెనకాల ఉండే చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్ నుంచి. అది బ్యాటరీ కరెంటును ఆపుతూ ఇస్తూ సగటున 10 వోల్టులు ఉండేలా చూస్తుంది. దాని డబ్బాకి ఎర్త్ సరిగా అందకపోతే ఆ ఆపడం ఆగిపోతుంది, డైనమో తిరిగినప్పుడు వచ్చే పద్నాలుగు వోల్టుల దాకా నేరుగా గేజ్‌ల మీదికి పోతుంది, అప్పుడు రెండు ముళ్ళూ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. మా స్నేహితుడి స్క్రూ ఇదే. పాపం రేడియేటర్ మార్చే ముందు పెట్రోల్ ముల్లు వైపు ఒక్కసారి చూసి ఉంటే, అర ట్యాంకుకే ముప్పాతిక చూపిస్తోందని తెలిసేది. నువ్వు ట్యాంకులో పుల్ల పెట్టి చూసుకో, పుల్ల తడికి, పెట్రోల్ ముల్లుకి పొంతన లేకపోతే గేజ్ జోలికి పోకుండా ముందు స్టెబిలైజర్ ఎర్త్ శుభ్రం చెయ్. దాన్ని డిజిటల్ మీటర్‌తో కొలిస్తే అంకెలు ఎగిరెగిరి పడతాయి, కంగారు పడొద్దు, పాతకాలం స్టెబిలైజర్ పని చేసే తీరే అంత. చిన్న బల్బు పెట్టి చూస్తే అది వెలుగుతూ ఆరుతూ ఉండాలి, ఆగకుండా వెలుగుతూనే ఉంటే అక్కడే దొంగ దొరికాడు. స్టెబిలైజర్ పోయి ఉంటే మన ఆటో ఎలక్ట్రీషియన్లు 10 వోల్టులు నిలకడగా ఇచ్చే 7810 అనే చిన్న ఐసీ పెట్టి కట్టిస్తారు, బాగానే పని చేస్తుంది, కాకపోతే కొన్ని పాత బండ్లలో బ్యాటరీ ప్లస్ బాడీకి కట్టి ఉంటుంది, అలాంటి బండిలో ఈ ఐసీ అలాగే పెడితే కాలిపోతుంది. ముందు బ్యాటరీ ఏ తల బాడీకి పోయిందో చూసి చెప్పు ఆయనకు.

ఇక వైరు పరీక్ష. ఇంజన్ హెడ్‌లో బిగించిన సెండర్ (నీళ్ళ వేడిని పట్టి గేజ్‌కి చెప్పే ముక్క) నుంచి వైరు తీసెయ్, తాళం వెయ్యి, ముల్లు సీ దగ్గర పడి ఉండాలి. అదే వైరు కొసను ఇంజన్ ఇనుముకి ఆనించు, ముల్లు హెచ్ వైపు పాకుతుంది, కదలడం కనబడగానే తీసెయ్. ఎక్కువసేపు ఆనించి పెడితే గేజ్ లోపలి తీగ కాలిపోతుంది, పరీక్ష చెయ్యబోయి గేజ్ చంపినవాళ్ళున్నారు. వైరు తీసేసినా ముల్లు పైనే ఉందంటే దారిలో ఎక్కడో వైరు తొక్క ఊడి బాడీకి తగులుతోంది. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకో. సెండర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, అందుకే సెండర్ దారిలో తుప్పు, వదులు కనెక్షన్, సెండర్ మరలకు దండిగా చుట్టిన తెల్లటి టెఫ్లాన్ టేపు, ఇవన్నీ రెసిస్టెన్స్ పెంచి ముల్లును ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి. నీ ముల్లు తప్పే చూపిస్తుంటే అది ఎక్కువ వైపే కాబట్టి నీది సెండర్ తుప్పు కేసు కాదు. నిజానికి నువ్వు అదృష్టవంతుడివి, ఎక్కువ చూపించే గేజ్ మనిషిని భయపెడుతుంది గానీ ఇంజన్‌ను చంపదు.

ఇవన్నీ సరిగా ఉంటే అసలు పని గిన్నె పరీక్ష, ఆదివారం పొద్దున్నే పెట్టుకో. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. రేడియేటర్ కింది కొళాయి తిప్పి సెండర్ మట్టానికన్నా దిగువకు నీళ్ళు దించు, సెండర్ విప్పు. దాని ఇత్తడి మొన మీద తెల్లగా సున్నం గట్టిపడి ఉందా చూడు. మన సీమలో బోరు నీళ్ళు ఎలాంటివో నీకు చెప్పక్కర్లేదు, అనంతపురం జిల్లాలో తాగితే పళ్ళు గారపడతాయి, అదే నీళ్ళు రేడియేటర్‌లో పోస్తే సెండర్ మీదా, రేడియేటర్ గొట్టాల్లోనూ గడ్డకడతాయి. ఆ సున్నం పొర ఉంటే ముల్లు ఆలస్యంగా లేస్తుంది. వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి గుడ్డతో తుడువు, గీకొద్దు.

ఇప్పుడు సెండర్‌కి రెండు మీటర్ల వైరు రెండు ముక్కలు కట్టు. ఒకటి దాని తల మీది పిన్ను నుంచి బండి గేజ్ వైరుకి, రెండోది దాని ఇత్తడి ఒంటి నుంచి ఇంజన్ ఇనుముకి. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు, మర్చిపోయి ముల్లు కదలట్లేదు సెండర్ పోయిందంటారు. ఇంకొకటి, ఇంజన్ నడపకుండా తాళం చాలాసేపు వేసి ఉంచితే ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కి పాడవుతుంది. అందుకని కాయిల్‌కి కరెంటు వచ్చే వైరు తీసి కొసకు టేపు చుట్టు, అందులో కరెంటు ఉంటుంది, బాడీకి తగలకూడదు. స్టవ్ సంగతికొస్తే గ్యాస్ పొయ్యి బండి పక్కన వెలిగించొద్దు, కార్బురేటర్ ఉన్న బండి, పెట్రోల్ ఆవిరి ఎక్కడుందో కంటికి కనబడదు. ఇండక్షన్ స్టవ్ తెచ్చి స్టూలు మీద దూరంగా పెట్టుకో, అందుకే రెండు మీటర్ల వైరు అన్నాను.

థర్మామీటర్ జ్వరానికి వాడేది పనికిరాదు, అది 42 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. వంటకు వాడే సూది డిజిటల్ థర్మామీటర్ గానీ, కాలేజీ ల్యాబుల్లో ఉండే 110 డిగ్రీల గాజుది గానీ చాలు. దాన్ని కూడా ముందు పరీక్షించు. ఐసు ముక్కలు దంచి కొంచెం నీళ్ళు పోసి కలిపితే సున్నా చూపించాలి. మరిగే నీళ్ళలో నూరు చూపించాలి అని పుస్తకంలో ఉంటుంది, కానీ అది సముద్రమట్టం దగ్గర మాట. దాదాపు మూడు వందల మీటర్లు ఎక్కితే ఒక డిగ్రీ తగ్గుతుంది. మా అనంతపురం 335 మీటర్ల ఎత్తు, ఇక్కడ నీళ్ళు సుమారు 99 దగ్గరే మరుగుతాయి. మీ కడప ఇంకా కిందికి ఉంది కాబట్టి 99న్నర వస్తుంది. హార్స్‌లీ హిల్స్ మీద చేస్తే 96 కూడా రాదు, అక్కడ టీ అంత తొందరగా ఎందుకు చల్లారుతుందా అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి, చలి ఒక్కటే కాదు కారణం.

గిన్నెలో నీళ్ళు పోసి సెండర్‌ను వైరుతో వేలాడదియ్, ఇత్తడి మొన మాత్రమే మునగాలి, పైన పిన్ను తడవకూడదు, మొన గిన్నె అడుగుకి తగలకూడదు, అడుగు నీళ్ళకన్నా వేడిగా ఉంటుంది. థర్మామీటర్ సూది దాని పక్కనే ఉంచి గరిటెతో కలుపుతూ ఉండు. 60, 70, 80, 90, ఆ తర్వాత సలసల మరిగే దగ్గర, ప్రతిచోటా రెండు మూడు నిమిషాలు అదే వేడి నిలబెట్టి ఆ తర్వాతే ముల్లు చూడు, ఈ గేజ్‌లు బద్ధకస్తులు. చూసేది డ్రైవర్ సీట్లో కూర్చుని చూడాలి, పక్కనుంచి చూస్తే ముల్లు ఇంకోచోట కనబడుతుంది. ఇంట్లో ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి ఫోటో తీయించు, ప్రతి ఫోటోలో డిగ్రీ రాసిన కాగితం ముక్క కనబడాలి. ఆ తర్వాత చల్లారుతుండగా అవే అంకెల దగ్గర మళ్ళీ తియ్యి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పెద్ద తేడా లేకపోతే గేజ్ నిలకడగా ఉన్నట్టే, అది ఎంత తప్పు చూపించినా పర్వాలేదు. నా బండి గేజ్ దాదాపు ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, నేను మార్చలేదు. 80 దగ్గర, 99 దగ్గర గాజు మీద మా ఆవిడ గోళ్ళరంగుతో రెండు చుక్కలు పెట్టాను, హెచ్, సీ అక్షరాలకన్నా అవే నాకు ముఖ్యం. గేజ్ మీద అక్షరాలు కాకుండా ఫారెన్‌హీట్ అంకెలుంటే 180 అంటే 82 సెల్సియస్, 212 అంటే నీళ్ళు మరిగే చోటు.

గిన్నె పరీక్షలో 90 దగ్గరే ముల్లు హెచ్ ముట్టుకుంటే నీ మొదటి మెకానిక్ చెప్పింది నిజం, కాకపోతే గేజా, సెండరా అన్నది ఇంకా తేలాలి. 99 దగ్గర గానీ హెచ్ ముట్టుకోలేదంటే మాత్రం ఘాట్ మీద నీళ్ళు నిజంగానే నూరు దాకా, లేదా ఇంకా పైకి పోతున్నాయి. పొంగలేదు కదా అంటావు. రేడియేటర్ మూత లోపలి పీడనాన్ని పట్టి ఉంచుతుంది, ఉదాహరణకి 7 పౌండ్ల మూత సరిగా ఉంటే నీళ్ళు 110 దగ్గర గానీ మరగవు. అంటే ముల్లు నిజం చెప్తూ ఉండొచ్చు, మూత కూడా తన పని చేస్తూ ఉండొచ్చు, పొంగకపోవడం వల్ల గేజ్ తప్పని తేలదు. మీ మొదటాయన పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉందని నా అనుమానం.

సెండర్ విప్పడం ఇష్టం లేకపోతే బజార్లో దొరికే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంది, కరోనా తర్వాత అందరికీ తెలిసినవే, కానీ నుదుటికి పెట్టేది కాదు, కారఖానా పనికి వాడేది తీసుకో. మెరిసే అల్యూమినియం మీద పెడితే అది దారుణంగా తక్కువ చూపిస్తుంది. థర్మోస్టాట్ (నీళ్ళు వేడెక్కాక తెరుచుకుని రేడియేటర్‌కి వదిలే తలుపు) డబ్బా మీద, సెండర్ పక్కన హెడ్ మీద నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొట్టు. ఎర్ర చుక్క పడిన చోటు ఒక్కటే అది కొలుస్తుందనుకోవద్దు, 12కి 1 అని రాసి ఉన్న గన్ అయితే అడుగు దూరం నుంచి ఒక అంగుళం వెడల్పు వలయం మొత్తాన్ని కలిపి కొలుస్తుంది, కాబట్టి దగ్గరగా పెట్టు. ఫ్యాన్‌కి దూరంగా ఉండు, పైపంచె, లుంగీ కొస, చేతి కడియం జాగ్రత్త, ఇనుప ఫ్యాన్ అది. ఇనుము పైభాగం లోపలి నీళ్ళకన్నా కొన్ని డిగ్రీలు తక్కువే ఉంటుంది, దానికి తగ్గట్టు లెక్కేసుకో. గిన్నె పరీక్షంత నమ్మకం దీని మీద నాకు లేదు, కానీ ఘాట్ ఎక్కి ఆగిన వెంటనే చూసుకోవడానికి ఇంతకు మించింది లేదు.

ఆగిన వెంటనే అని ఎందుకన్నానంటే, నువ్వు గువ్వలచెరువులో ఆగి కోవా కొనుక్కుని వచ్చి తాళం వేస్తే ముల్లు ఇంకా పైకి పోయిందని రాశావు. అది జబ్బు కాదు. ఇంజన్ ఆపగానే పంపు ఆగుతుంది, నీళ్ళ ప్రవాహం ఆగుతుంది, హెడ్‌లో ఉన్న వేడంతా అక్కడే నిలబడ్డ నీళ్ళలోకి దిగుతుంది. ఘాట్ ఎక్కాక రెండు నిమిషాలు ఇంజన్ నడుస్తూ ఉంచి ఆ తర్వాత ఆపు, కోవా ఎక్కడికీ పోదు. దీనికన్నా భయపడాల్సింది ఇంకొకటి, బాగా పైకి పోయిన ముల్లు బండి నడుస్తుండగానే చటుక్కున సీకి పడిపోవడం. నీళ్ళు కారిపోయి సెండర్ మొన గాలిలో వేలాడుతున్నప్పుడు అలా పడుతుంది. చల్లబడిందని సంతోషపడి ముందుకు పోతే నా జీపు గతే.

థర్మోస్టాట్ కూడా ఉందో లేదో చూడు, మన వైపు ఎండలకు భయపడి మెకానిక్‌లు దాన్ని పీకి పారేస్తారు. అది లేకపోతే రోడ్డు మీద ముల్లు సీ దగ్గర, ఊళ్ళో పైన, ఇలా ఊగుతూ ఉంటుంది, గేజ్ మీద అనవసరంగా అనుమానం వస్తుంది. ఉంటే ఎలాగూ గిన్నె పొయ్యి మీద ఉంది కదా, దాన్నీ వెయ్యి, దాని మీద కొట్టి ఉన్న అంకె, 82 అనుకో, ఆ దగ్గర నోరు తెరవడం మొదలుపెట్టాలి.

ఒకవేళ సెండర్ మార్చాల్సి వస్తే, మరలు సరిపోయాయని అంగట్లో ఇచ్చింది తెచ్చుకోవద్దు, మరలు ఒకటే ఉన్నా రెసిస్టెన్స్ వేరే ఉన్నవి దండిగా తిరుగుతున్నాయి, అవి బిగిస్తే మంచి గేజ్ కూడా తప్పు చూపిస్తుంది. గిన్నె పరీక్ష చేసిన రోజే నీ పాత సెండర్ చల్లగా ఉన్నప్పుడు ఎన్ని ఓమ్‌లు, 80 దగ్గర ఎన్ని, మరిగే నీళ్ళలో ఎన్ని అని వైర్లు విప్పి మల్టీమీటర్‌తో కొలిచి రాసి పెట్టుకో, నీ గేజ్ తప్పు చూపించిందంటే ఆ అంకెలు నాకు పంపు, గేజా సెండరా అన్నది చూద్దాం. అంగడికి మీటరు, ఆ కాగితం, సూది థర్మామీటర్ పట్టుకుపో, పక్కన టీ కొట్టులో ఒక గ్లాసు వేడినీళ్ళు అడిగి, డబ్బులిచ్చే ముందే కొత్తదాని మొన అందులో ముంచి కొలువు. అంగడాయన విచిత్రంగా చూస్తాడు, నన్నూ చూశాడు. నాలుగు సెండర్లు ముంచితే మూడోది సరిపోయింది.